ఎదురు సబ్బు

మనిషి ఎదురుపడితే నాకు ముందు కనిపించేవి పళ్ళు. మొహం ఆ తర్వాత. సిన్సినాటి ఊరి పడమటి వైపు ఒక పళ్ళ డాక్టరు దగ్గర ఇరవై రెండేళ్ళుగా పళ్ళు శుభ్రం చేసే ఉద్యోగం నాది. డాక్టరు వచ్చి మూడు నిమిషాలు చూసి, భుజం తట్టి వెళ్ళిపోతాడు. ముప్పావు గంటసేపు ఆ నోటితో కుస్తీ పట్టేది నేను. గార గీకేది నేను, చివాట్లు పెట్టేదీ నేనే. చిగుళ్ళు ఎర్రగా ఉబ్బి నెత్తురు కారుతూ ఉంటే, "రోజూ పళ్ళ సందులు దారంతో శుభ్రం చేసుకుంటున్నానండీ" అని అదే నోటితో చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మా అమ్మ రోసలీ దీని మీద నన్ను ఏడిపించేది. "వచ్చినవాడి మొహం చూడకముందే పళ్ళు లెక్కపెడితే, ఇంక వాడు రెండోసారి ఎందుకొస్తాడే జనీన్?" అనేది. నాకు నలభై ఆరేళ్ళు, పెళ్ళి కాలేదు. అమ్మ లెక్క ప్రకారం దానికి కారణం నా వృత్తే.

అంత మాటకారి మనిషికి పోయిన జనవరిలో మాట పడిపోయింది. వంటింట్లో సింకు దగ్గర నిలబడి కాఫీ కప్పు కడుగుతూ కూలిపోయింది. పక్షవాతం. కుడిచెయ్యి, కుడికాలు, కుడివైపు మొహం అన్నీ వాలిపోయాయి. మాటల్లో మిగిలినవి మూడే: "ఆఁ", "వద్దు", "వెర్న్". వెర్న్ అంటే మా నాన్న వెర్నన్. యాభై ఏళ్ళ కాపురంలో ఆవిడకి అవసరమైన మాటలు ఎలాగూ ఆ మూడేనని నాన్న నర్సులతో జోకులు వేసేవాడు. వేసి, బాత్రూములోకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చేవాడు.

మాట కంటే పెద్ద నష్టం మింగడం పోవడం. చెంచాడు నీళ్ళు పోసినా గొంతులో దారి తప్పి ఊపిరితిత్తుల వైపు పోతున్నాయి. పొట్టకి గొట్టం వేశారు. ఇంటికి పంపే రోజు ఆస్పత్రి డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది.

"తిండి సంగతి గొట్టం చూసుకుంటుంది. నా భయమల్లా ఉమ్ముతోనే. నోట్లో పెరిగే క్రిములు ఉమ్ముతోపాటు ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. ఈ పరిస్థితిలో వస్తే తట్టుకోవడం కష్టం. ఏప్రిల్ రెండోవారంలో మింగే పరీక్ష పెడదాం. నెమ్మదిగా తేరుకుంటున్నారు, అప్పటికి గొట్టం తీసెయ్యొచ్చేమో. అప్పటిదాకా నోరు శుభ్రంగా ఉంచండి. అదొక్కటే మీ చేతిలో ఉన్నది."

"నోటి సంగతి నాకు వదిలెయ్యండి," అన్నాను. ఆ మాట కొంచెం గర్వంగానే అన్నాను.

మర్నాడు క్లినిక్ నుంచి మందు సీసా, స్పాంజి పుల్లలు, మెత్తటి బ్రష్షులు తెచ్చాను. అమ్మ పక్కమీద దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. నాన్న పక్కనే కుర్చీలో కూర్చుని నేను చెప్పేది శ్రద్ధగా విన్నాడు. నాన్న ముప్పై నాలుగేళ్ళు సిటీ బస్సు నడిపాడు. స్టాపుకి ఒక్క నిమిషం ముందు చేరినా, ఎక్కేవాళ్ళు ఎవరూ లేకపోయినా, ఆ నిమిషం గడిచాకే బండి కదిలించేవాడు. లోపల కూర్చున్నవాళ్ళు తిట్టుకున్నా వినేవాడు కాదు.

"ఏముందే ఇందులో?" అన్నాడు సీసా వెలుతురుకి ఎత్తి.

"ఇదీ సబ్బు జాతిదే నాన్నా. మనం చేతులు కడుక్కునే సబ్బుకి తిరగేసిన గుణం దీనిది. ఎదురు సబ్బు అంటాం. క్రిమి ఒంటికి అతుక్కుని దాని తోలు చీల్చేస్తుంది. లోపలున్నదంతా కారిపోయి క్రిమి చస్తుంది."

"అంటే మీ అమ్మ నోట్లో సబ్బు పెట్టమంటావు."

"ఒకరకంగా అంతే అనుకో."

నాన్న అమ్మవైపు తిరిగాడు. "విన్నావా రోజీ? ఇది ఎనిమిదేళ్ళప్పుడు పక్కింటి పిల్లని బూతు తిట్టిందని నోట్లో సబ్బు బిళ్ళ పెట్టి తోమావు, గుర్తుందా? ముప్పై ఎనిమిదేళ్ళు కడుపులో దాచుకుని ఇప్పుడు కసి తీర్చుకుంటోంది నీ కూతురు."

అమ్మ మొహంలో కదిలే సగం నవ్వింది. "ఆఁ" అంది.

ఎలా చెయ్యాలో ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాశాను. ముందు తడి బ్రష్షుతో పళ్ళూ నాలుకా తోమాలి. తర్వాత స్పాంజి పుల్లని మందులో ముంచి, పిండి, నోరంతా తుడవాలి. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం. దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించాను. మొదటిసారి నేనే చేసి చూపించాను. మందు తగలగానే అమ్మ మొహం ముడుచుకుపోయింది. "వద్దు" అని ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుంది. కళ్ళవెంట నీళ్ళు కారాయి.

"ఇంత చేదా?" అన్నాడు నాన్న.

"చేదే. ఎవరూ చచ్చిపోరులే. అలవాటైపోతుంది," అన్నాను. క్లినిక్‌లో రోజుకి నలుగురితో అనే మాట అది.

ఆ రోజు నుంచి అమ్మ నోటికి సంబంధించిన పనంతా నాన్నదే. నేను ఆదివారం, బుధవారం వెళ్ళి చిన్న అద్దం, దీపం పెట్టి చూసేదాన్ని. చిగుళ్ళు గులాబీ రంగులో ఉండేవి. నాలుక మీద పాచి లేదు. నోటి దగ్గర ముక్కుపెట్టి వాసన చూసేదాన్ని. పిప్పరమెంటు వాసన వచ్చేది. మందులోనూ కాస్త పిప్పరమెంటు ఉంటుంది కదా అనుకున్నాను. మార్కులు వేసే పంతులమ్మలా, "నూటికి నూరు, మిస్టర్ నీహౌస్" అని నాన్నని ఇంటిపేరుతో పిలిచేదాన్ని. నాన్న బస్సు టోపీ సర్దుకున్నట్టు లేని టోపీ సర్దుకునేవాడు.

మార్చి మొదట్లో ఒక బుధవారం జరిగింది చెప్పాలి. ఆ పగలు క్లినిక్‌కి కొప్పెల్ అనే పెద్దాయన వచ్చాడు. ఆయనకి చిగుళ్ళ జబ్బు. అమ్మకిచ్చిన మందే ఆయనకీ ఇచ్చాం. నెల్లాళ్ళు వాడేసరికి పళ్ళ సందుల్లో గోధుమరంగు మరకలు పట్టాయి.

"కాఫీ మానేశాను, సిగరెట్టు నా జన్మలో ముట్టలేదు. ఈ మరకలేంటమ్మా? మా మనవరాలు దగ్గరికి రానంటోంది," అని గోల పెట్టాడు.

"సంతోషించండి. మందు మీ పళ్ళని పట్టుకుని కూర్చుందని గుర్తు అది. ఆ మరక నేను పది నిమిషాల్లో తీసేస్తాను. మరక పడకుండా ఉంటేనే నేను అనుమానించేదాన్ని, ఈయన సీసా బీరువాలో పెట్టి కథలు చెప్తున్నాడని," అన్నాను.

ఆ సాయంత్రమే అమ్మ పళ్ళు చూశాను. ఆరువారాల మందు. రోజుకి మూడుసార్లు. పళ్ళు పాలలా తెల్లగా ఉన్నాయి. ఒక్క మరక లేదు.

"నాన్నా, నీ చేతికి దండం పెట్టాలి. మా క్లినిక్‌లో ఉద్యోగం ఇప్పిస్తాను, వచ్చెయ్," అన్నాను.

ఈ మరక అందరికీ పట్టదన్న మాట నిజమే. కానీ పట్టనప్పుడు ఎందుకు పట్టలేదని అడగడం నా పని. నేను అడగలేదు. తెల్లటి పళ్ళు చూస్తే మురిసిపోవడం నాకు ఇరవై రెండేళ్ళ అలవాటు. మా అమ్మ కదా అని ఇంకాస్త ఎక్కువే మురిసిపోయాను.

మార్చి మూడో శుక్రవారం చర్చి హాల్లో చేపల విందు. ఈస్టరు ముందు ఉపవాసాల్లో మా పడమటి వైపు ప్రతి చర్చిలోనూ శుక్రవారం సాయంత్రం చేపలు వేయిస్తారు. ముప్పై ఒక్క ఏళ్ళు అక్కడ పిండి కలిపి చేపముక్కలు ముంచి అందించింది మా అమ్మే. ఆ చోటు ఖాళీగా ఉంటే చూడలేకపోతున్నాం, నువ్వు నిలబడమ్మా అని ఆడవాళ్ళు అడిగితే వెళ్ళాను. మోచేతులదాకా పిండి ఉండగా ఫోన్ మోగింది. ఎవరో నా చెవి దగ్గర పట్టుకున్నారు.

"జనీన్, అమ్మకి ఒళ్ళు కాలిపోతోంది. ఊపిరి తీస్తుంటే గురగురమంటోంది," అన్నాడు నాన్న. "అంబులెన్సు పిలిచాను. నువ్వు ఇంటికి రాకు, ఆస్పత్రికే వచ్చెయ్."

న్యుమోనియా అన్నారు. రెండు ఊపిరితిత్తులకీ పట్టింది. మొదటి రెండు రోజులూ మొహానికి మాస్కు, ఒంట్లోకి మందులు, అమ్మకి పూర్తి స్పృహ లేదు. ఆదివారం మధ్యాహ్నానికి కాస్త తెలివి వచ్చింది. జ్వరం ఒక డిగ్రీ దిగింది. మాస్కు తీసి ముక్కుకి సన్న గొట్టం పెట్టారు. నాన్న కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. ఇంక గట్టెక్కినట్టే అనుకున్నాం ఇద్దరం.

డెల్ఫీన్ అనే నర్సు నోరు శుభ్రం చెయ్యడానికి వచ్చింది. అరవై ఏళ్ళుంటాయి, నెమ్మదైన చెయ్యి. వాళ్ళ దగ్గరున్నదీ ఎదురు సబ్బు మందే. స్పాంజి పుల్ల తగలగానే అమ్మ మొహం ముడుచుకుంది, కళ్ళు నీళ్ళయ్యాయి. కానీ ఈసారి "వద్దు" అనలేదు. డెల్ఫీన్ చెయ్యి తీసీ తియ్యగానే నాన్నవైపు తిరిగి, గూట్లో పిట్టపిల్లలా నోరు తెరిచింది.

"వస్తున్నా, వస్తున్నా. తొందరేంటే నీకు?" అన్నాడు నాన్న. చొక్కా జేబులోంచి చిన్న పేస్టు గొట్టం తీశాడు. నురగ బాగా వచ్చే పిప్పరమెంటు పేస్టు. పెళ్ళయినప్పటి నుంచీ అమ్మ వాడేది అదే. జేబులోంచే బ్రష్షూ వచ్చింది. శనగగింజంత పేస్టు పెట్టి, అమ్మ చుబుకం కింద చెయ్యి ఆనించి, పళ్ళు నెమ్మదిగా తోమడం మొదలుపెట్టాడు. నురగని ఎప్పటికప్పుడు తడిగుడ్డతో తుడుస్తున్నాడు. అమ్మ కళ్ళు మూసుకుంది. జనవరి తర్వాత ఆవిడ మొహంలో అంత సుఖం నేను చూడలేదు.

"ఇది మా మొగుడూ పెళ్ళాల ఒప్పందం," అన్నాడు నాన్న డెల్ఫీన్‌తో. "చేదుకి ఊరుకుంటే వెంటనే పిప్పరమెంటు."

"ఇంట్లోనూ ఇలాగే చేసేవాడివా నాన్నా?"

"మొదటిరోజు తప్ప. ఆ రోజు నువ్వు వెళ్ళాక సాయంత్రం మందు నేను పెట్టాను. గంటసేపు ఏడ్చిందే అది. పొట్టలోకి తిండి గొట్టంలో పోతుంది, నోటికి రోజంతా తగిలేది ఆ చేదొక్కటే. చూళ్ళేకపోయాను."

"మందు పెట్టాక ఎంతసేపటికి తోమేవాడివి?"

"ఎంతసేపటికేంటే? వెంటనే. చేదు నోట్లో పెట్టుకుని కూర్చోమంటానా?"

చదువుకునే రోజుల్లో మాకు ప్రూయిట్ అనే టీచరు ఉండేది. ఒకరోజు రెండు గాజు గ్లాసులు తెచ్చింది. ఒకదాంట్లో ఎదురు సబ్బు మందు, ఇంకోదాంట్లో పేస్టుకి నురగ ఇచ్చే సరుకు కలిపిన నీళ్ళు. రెండూ మంచినీళ్ళలా తేటగా ఉన్నాయి. ఒకదాంట్లో ఒకటి పోసింది. పాలు విరిగినట్టు విరిగి తెల్లటి తరకలు అడుక్కి దిగాయి. మామూలు సబ్బూ ఎదురు సబ్బూ ఒకదాన్నొకటి పట్టుకుని రెండూ చస్తాయని చెప్పింది. "ఇప్పుడు దీంతో ఒక క్రిమిని చంపండి చూద్దాం," అంటే అందరం నవ్వాం. మందుకీ పేస్టుకీ మధ్య అరగంట ఉండాలి, లేకపోతే చిగుళ్ళని పట్టుకుని గంటలకొద్దీ పనిచెయ్యాల్సిన మందు అక్కడికక్కడే విరిగిపోతుంది. మా క్లినిక్‌లో ఇచ్చే అచ్చు కాగితం మీద మూడో వాక్యం అదే. ముక్కూమొహం తెలియనివాళ్ళకి ఆ వాక్యం కింద గీత గీసి మరీ ఇస్తాను. సొంత తండ్రికి చేత్తో రాసిచ్చిన అట్టముక్క మీద అది రాయలేదు. రాసి ఉంటే, బస్సు ఆపినట్టు ఆపి, గడియారం చూసుకుంటూ అరగంటా కూర్చునేవాడు మా నాన్న. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితితొట్టిలో పడ్డట్టయింది నా బతుకు.

ఎనిమిది వారాలు. రోజుకి మూడుసార్లు. ప్రతిసారీ నాన్న ప్రేమగా ఆ మందుని విరగ్గొట్టాడు. నేను వారానికి రెండుసార్లు వచ్చి, చూసి, మెచ్చుకున్నాను.

"నాన్నా," అన్నాను. "ఇక్కడ పేస్టు పెట్టకూడదు. ఆస్పత్రి రూలు."

డెల్ఫీన్ తలెత్తి నావైపు చూసింది. అలాంటి రూలు లేదని ఆవిడకి తెలుసు. నా మొహంలో ఏం కనిపించిందో గానీ, "అవునండీ, రూలే," అంది.

"అయ్యో, తెలియదమ్మా," అన్నాడు నాన్న. రూలన్నాక ఆయన ఎదురుచెప్పడు. బ్రష్షు తుడిచి జేబులో పెట్టుకున్నాడు. "రూలంట రోజీ. ఇంటికెళ్ళాక ఇస్తాలే."

వరండాలో డెల్ఫీన్‌కి సంగతంతా చెప్పాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది.

"చూడమ్మా, ముప్పై ఏళ్ళుగా ఇదే వార్డు నాది. మందు పద్ధతిగా పెట్టినవాళ్ళకీ వచ్చింది న్యుమోనియా. ఇందువల్లే వచ్చిందని ఏ డాక్టరూ చెప్పలేడు."

"ఇందువల్ల కాదని చెప్పగలడా?"

ఆవిడ నా చేతులు ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"మా నాన్నకి తెలియనివ్వకండి," అన్నాను. "తెలిస్తే బతకడు."

ఆ తర్వాత ఆరు రోజులు మందు ఒక్కటే. ప్రతిసారీ అమ్మ చేదుకి ఓర్చుకునేది. ప్రతిసారీ నాన్నవైపు తిరిగి నోరు తెరిచేది. "రూలే తల్లీ," అనేవాడు నాన్న. మూడోరోజుకి ఆ మాట కూడా అనలేక కిటికీవైపు తిరిగేవాడు. అమ్మ కాసేపు నోరు తెరుచుకునే ఉండి, మూసేది. మందు ఇప్పుడైనా పనిచేస్తుంది, ఇంకా ఆలస్యం కాలేదు అని నాకు నేను చెప్పుకుంటూ నిలబడ్డాను.

ఆలస్యమయింది. గురువారం జ్వరం మళ్ళీ ఎక్కింది. శనివారం ఉదయం డాక్టరు నాన్నని, నన్ను పక్కకి పిలిచి, ఇంక బాధ తెలియకుండా చూడటం తప్ప చెయ్యగలిగింది లేదన్నాడు. చేతికున్న ఒక్క సూది తప్ప గొట్టాలన్నీ తీసేశారు. చిన్నగా నొప్పి మందు మాత్రం పోతోంది. అమ్మకి మెలకువగానే ఉంది. ఎడమచెయ్యి నాన్న చేతిలో ఉంది.

"జనీన్," అన్నాడు నాన్న. "ఇంక రూలెందుకే? ఇంక కాపాడాల్సిందేముంది? ఒక్కసారి పిప్పరమెంటు తగలనిద్దాం దాని నోటికి. వెళ్ళి అడుగు."

పెట్టు నాన్నా, అంటే అయిపోయేది. ఆ క్షణంలో నాకు తట్టింది అది కాదు. అడక్కుండా ఒప్పుకుంటే ఆ రూలు నాదేనని తెలిసిపోతుంది, ఎందుకు పెట్టావని అడుగుతాడు, ఇవాళే, ఈ మంచం పక్కనే చెప్పాల్సి వస్తుంది. అది తట్టింది. "అడిగొస్తా," అని వరండాలోకి వెళ్ళాను. అడగడానికి ఎవరూ లేరు. లేని రూలుకి అనుమతి ఎవరిస్తారు? నీళ్ళ కుళాయి పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాను. మరీ తొందరగా వెళ్తే నమ్మడని గోడ గడియారం చూసుకుంటూ ఐదు నిమిషాలు గడిపాను.

తిరిగి వచ్చేసరికి నాన్న నిలబడి ఉన్నాడు. పేస్టు గొట్టం మూత తీసి ఉంది. బ్రష్షు మీద పేస్టు పెట్టి సిద్ధంగా పట్టుకున్నాడు.

"ఒప్పుకున్నారా?" అన్నాడు నావైపు తిరక్కుండానే.

"ఒప్పుకున్నారు నాన్నా."

"ఇప్పుడే పోయిందే," అన్నాడు. "నిన్ను పిలుద్దామనుకుంటుండగా పోయింది."

మూడువారాలు గడిచాయి. ఏప్రిల్ రెండో ఆదివారం నేను వెళ్ళేసరికి నాన్న వంటింటి బల్ల దగ్గర గీతల కాగితాలు ముందేసుకుని కూర్చుని ఉన్నాడు. కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంది. చిత్తుకాగితాలు నాలుగైదు కింద పడి ఉన్నాయి.

"మంచి టైముకొచ్చావు, కూర్చో. ఆస్పత్రివాళ్ళకి ఉత్తరం రాస్తున్నాను. విను." గొంతు సవరించుకుని చదివాడు. "అయ్యా, నేను ముప్పై నాలుగేళ్ళు సిటీ బస్సు నడిపాను. రూలు విలువ నాకు తెలుసు. కానీ చావుబతుకుల్లో ఉన్న మనిషి నోట్లో పిప్పరమెంటు పెట్టకూడదన్న మీ రూలు మంచిది కాదు. నా భార్య ఆరు రోజులు నోరు తెరిచి నన్ను అడిగింది. రూలన్నారని నేను పెట్టలేదు. ఇంకో మొగుడికి ఈ గతి పట్టకుండా ఆ రూలు తీసెయ్యండి." కాగితం కిందపెట్టాడు. "ఎలా ఉందే?"

"బాగుంది నాన్నా."

"రూలు నంబరు వేస్తే బాగుంటుంది. నువ్వా వృత్తిలో దానివేగా, కనుక్కో. ఆ నర్సమ్మ కూడా రూలే అంది. డెల్ఫీన్. ఆవిడ పేరు వేశాను సాక్ష్యానికి."

"ఆవిడ పేరు తీసెయ్యి."

"ఏం?"

"ఉత్తరం పంపొద్దు నాన్నా. అలాంటి రూలు లేదు."

నాన్న కళ్ళజోడు తీశాడు.

"నేనే చెప్పాను. నేను అన్నానని ఆవిడ ఊరుకుంది."

"లేని రూలు ఉందని ఎందుకు చెప్పావు?"

అక్కడికొచ్చి ఆగిపోయాను. మూడువారాలుగా రాత్రీ పగలూ అదే లెక్క వేసుకుంటున్నాను. తప్పు నాది. అట్టముక్క మీద వాక్యం రాయనిది నేను, తెల్లటి పళ్ళు చూసి అనుమానించనిది నేను. కానీ ఆ తప్పు చెప్పాలంటే ఆయన చేత్తో జరిగిందే చెప్పాలి. వేరే దారి లేదు. ఎనిమిది వారాలు నువ్వు ప్రేమతో పెట్టిందే మందుని చంపింది నాన్నా, అనకుండా నా తప్పు ఒప్పుకోవడం కుదరదు.

"పొలమారుతుందేమోనని భయపడ్డాను," అన్నాను.

"ఎనిమిది వారాల్లో ఒక్కసారి పొలమారిందా? నీ ఎదురుగా తోమాను. పొలమారిందా?"

"లేదు."

"మరి?"

"నాకు తెలుసుననుకున్నాను నాన్నా. నా పని కదా అనుకున్నాను."

బయట ఎవరో గడ్డి కోసే యంత్రం నడుపుతున్నారు. అది ఆగేదాకా చూసి, అప్పుడు మొదలుపెట్టాడు నాన్న. గొంతు పెంచలేదు.

"మీ అమ్మకి నేనేం చెయ్యగలిగానే? డాక్టర్ని కాదు. మాట తెప్పించలేకపోయాను, నడిపించలేకపోయాను. చేసిందల్లా ఒక్కటే. ఎనిమిది వారాలు దాని నోట్లో చేదు నిలవనివ్వలేదు. పడుకోబోయే ముందు రోజూ అదే అనుకుంటాను, ఆ ఒక్కటీ సరిగ్గా చేశాను అని. దానిమీదే నిద్రపోతున్నాను. నువ్వు ఆరు రోజులు చేదుతో ఉంచావు. అదే చేదుతో పంపించావు. ఎందుకంటే నీకు తెలుసట."

"అవును నాన్నా," అన్నాను.

"పక్కింటివాళ్ళు చేస్తే తిట్టేవాణ్ణి. ఆస్పత్రి చేసిందనుకుని ఉత్తరం రాశాను. కన్నకూతురివి. నిన్నేం చెయ్యను?"

ఆయన ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బల్ల పట్టుకుని లేచి ముందుగదిలోకి వెళ్ళిపోయాడు. నేను బల్ల మీది కప్పులు రెండూ కడిగి బోర్లించి, కింద పడ్డ చిత్తుకాగితాలు ఏరి చెత్తబుట్టలో వేశాను.

"వెళ్తున్నా నాన్నా. బుధవారం వస్తాను," అన్నాను గుమ్మంలో నిలబడి.

ఆయన కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు. "బుధవారం ఏం పని నీకిక్కడ?" అన్నాడు. "చూడ్డానికి ఎవరి నోరుంది?"